బోల్టు చేసిన చేతికి బాధ్యత ఉంటదా?

పోయిన ఎండాకాలం పెద్దపల్లిలో మేము కొందరం కూర్చుని చదువుల గురించి, కొలువుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఒక తమ్ముడు లేచి నిలబడ్డాడు. నాయకపోడు పిల్లవాడు, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పూర్తి చేశాడు. "అన్నా, విశాఖల నేవీ డాక్‌యార్డుల అప్రెంటిస్‌కు దరఖాస్తు పెడుతున్న. ఆ ఊర్లనే అణుబాంబులు మోసే సబ్‌మెరైన్లు కడుతరట. రేపు వాటి స్పేర్ పార్టులు చేసే పని నా చేతికొస్తే చెయ్యాల్నా, వద్దా? నేను చేసేది ఒక బోల్టే గదా!" అని అడిగాడు.

మాలో ఒకరు "కొలువు దొరుకుడే కష్టం, వస్తే పో" అన్నారు. ఇంకొకరు "మనుషులను కాల్చే పనికి మన చెయ్యి ఎందుకు?" అన్నారు. ఆ రోజు ఇద్దరి మాటా నిలబడలేదు. ఆ తర్వాత చాలాసార్లు కలిసినప్పుడల్లా ఆ ప్రశ్న దగ్గరికే వచ్చాం. చదువుకుంటున్న మన పిల్లలకు, వాళ్లకు చదువు చెప్పే పంతుళ్లకు పనికి వస్తుందని, మేము ఆలోచించిన వరకు ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ ఓడ ఏమిటో తెలుసుకోవాలి. మన దేశం కట్టిన మొదటి అణు జలాంతర్గామి పేరు అరిహంత్. విశాఖపట్నంలో 2009 జులై 26న దానిని నీళ్లలోకి దించారు. 2016లో నౌకాదళంలో చేరింది. రెండోది అరిఘాత్, 2024 ఆగస్టు 29న చేరింది. రామగుండం ఎన్టీపీసీ చూసినవాళ్లకు దీని లోపలి సంగతి అర్థం కావడం కష్టమేమీ కాదు. రామగుండంలో బొగ్గు మండించి నీళ్లను ఆవిరి చేస్తారు, ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. అరిహంత్‌లో బొగ్గుకు బదులు యురేనియం నుంచి వేడి వస్తుంది. ఆ తర్వాత ఆవిరి, టర్బైను అన్నీ అదే తీరు. యురేనియం మండటానికి గాలి అక్కర్లేదు గనుక ఆ ఓడ వారాలు, నెలలు నీటి అడుగునే ఉండగలదు. దాని కడుపులో నిలువు గొట్టాలుంటాయి, వాటిలో క్షిపణులుంటాయి. ఎక్కడ ఉందో ఎవరికీ తెలియకపోవడమే దాని బలం.

ఇక విడిభాగాల సంగతి. రామగుండంలో ఒక వాల్వు కారితే యూనిట్ ఆపుతారు, స్టోరులో చూస్తారు, లేకపోతే లారీలో తెప్పిస్తారు. ఓవరాలింగ్ రోజుల్లో మన పిల్లలు ఎంతమంది కాంట్రాక్టు కింద ఆ పనులకు పోతారో గోదావరిఖని బస్టాండు దగ్గర పొద్దున్నే నిలబడితే తెలుస్తుంది. సముద్రం అడుగున ఆ వీలు లేదు. సాయం కోసం పిలిస్తే తానెక్కడుందో చెప్పినట్టే. అందుకని కొన్ని విడిభాగాలు ఓడతోపాటే పోతాయి, మిగతావి తిరిగి వచ్చినప్పుడు మారుస్తారు. అమెరికా దగ్గరున్న ఒహాయో రకం జలాంతర్గాములు సగటున 77 రోజులు సముద్రంలో ఉండి వస్తాయి, ఆ తర్వాత 35 రోజులు రేవులో మరమ్మతుకు నిలబడతాయి. సామాను, యంత్రాల భాగాలు తొందరగా దించి ఎక్కించడానికి వాటి పైన మూడు పెద్ద మూతలు ప్రత్యేకంగా పెట్టారు. యుద్ధం ఉన్నా లేకున్నా ఈ మార్పిడి పని ఆగదు.

ఇంకో సంగతి ఉంది. మన ఊరి బోరు మోటారు బేరింగు అరిగితే ఆ చప్పుడు నాలుగు చేలకు వినిపిస్తుంది. జలాంతర్గామిలో బేరింగు అరిగినా అంతే. ఆ చప్పుడు నీళ్లలో దూరం పోతుంది, శత్రువు వింటాడు. కాబట్టి అక్కడ విడిభాగం విరగకుండా ఉంటే చాలదు, చప్పుడు కూడా చేయకూడదు. అంత పెద్ద ఓడ దాక్కుని ఉండటం ఒక చిన్న ఇనుప గుండు నున్నదనం మీద ఆధారపడి ఉంటుంది. "ఒక బోల్టే గదా" అన్న మాటను ఇక్కడి నుంచే విచారించాలి.

2023 మొదట్లో బ్రిటన్ పత్రికల్లో ఒక వార్త వచ్చింది. వాళ్ల అణు క్షిపణుల జలాంతర్గామి వాన్‌గార్డ్ డెవన్‌పోర్ట్ రేవులో మరమ్మతులో ఉంది. రియాక్టర్ ఉండే గదిలో గొట్టాల మీది కవచాన్ని పట్టి ఉంచే బోల్టుల్లో కొన్నింటిని అతిగా బిగించడంతో తలలు విరిగాయి. విరిగిన ముక్క తీసి కొత్త బోల్టు వేయాలి. ఎవరో ఆ తలలను జిగురుతో అంటించి వదిలేశారు. తనిఖీలో ఒకటి ఊడిపడితే సంగతి బయటపడింది. ప్రమాదం ఏమీ లేదని కాంట్రాక్టు కంపెనీ చెప్పింది. కావచ్చు. కానీ ఆ జిగురు పెట్టిన మనిషి మనసులో ఏ మాట ఉండి ఉంటుంది? "ఒక బోల్టే గదా" అనేదే అయి ఉంటుంది. పని ఆలస్యం అవుతోందని పైనుంచి ఒత్తిడి కూడా ఉండి ఉండవచ్చు. 2015 చివర మొదలైన ఆ మరమ్మతు ముగిసి ఓడ బయటికి వచ్చేసరికి 2023 అయింది. ఆ ఒక్క ఓడ రేవులో ఉండిపోతే దాని వంతు కాపలా కూడా మిగతా ఓడల మీద పడింది. ఒక్కో కాపలా అయిదు నెలలు దాటిపోయింది. రేవులో జరిగే పని ఆలస్యమైతే ఇంటికి దూరమయ్యేది సముద్రం అడుగున ఉన్న నావికుడు.

రెండో కథ అమెరికాలోని టకోమా నగరంలో జరిగింది. అక్కడి ఒక ఫౌండ్రీ జలాంతర్గాముల కోసం ఉక్కు పోతలు పోసేది. ఆ ఉక్కు ఎంత దెబ్బకు తట్టుకుంటుందో పరీక్ష చేసి కాగితం మీద రాయాలి. మైనస్ 73 డిగ్రీల చలిలో కూడా ఉక్కు పగలకూడదన్నది ఆ పరీక్షల్లో ఒకటి. పరీక్షలు చూసే పెద్ద మెటలర్జిస్టుకు ఆ షరతు తెలివితక్కువగా తోచింది. సముద్రం అంత చల్లగా ఎక్కడ ఉంటుంది? అందుకని ఫెయిలైన ఉక్కుకు పాస్ అంకెలు రాసింది. 1985 నుంచి 2017 దాకా, 32 ఏళ్లు, 240కి పైగా పోతలు అట్లా పోయాయి. ఓడకు హాని చేయాలనే ఉద్దేశం ఆమెకు లేదని ఆమె తరఫు లాయరు కోర్టులో చెప్పాడు. 2022 ఫిబ్రవరిలో రెండున్నర ఏళ్ల జైలు పడింది. ఇంతకూ సంగతి కనిపెట్టింది ఎవరు? ఆమె తర్వాత ఆ కుర్చీలోకి రావలసిన ఇంకో మెటలర్జిస్టు. కాగితాల్లో అంకెలు మార్చినట్టు గమనించి, ఊరుకోకుండా చెప్పాడు.

అంకె మారిస్తే ఏమవుతుందని అడిగేవాళ్లకు 1963 ఏప్రిల్ 10 గుర్తు చేయాలి. ఆ రోజు అమెరికా జలాంతర్గామి థ్రెషర్ అట్లాంటిక్ సముద్రంలో మునిగి 129 మంది చనిపోయారు. సముద్రపు నీటి గొట్టంలో ఒక అతుకు ఊడి ఉంటుందని విచారణలో తేల్చారు. ఆ తర్వాతనే వాళ్లు కొత్త నియమం పెట్టుకున్నారు. ప్రాణాధారమైన ప్రతి భాగానికీ ఒక చరిత్ర ఉండాలి. ఏ లోహంతో పోశారు, ఎవరు అతికారు, ఎవరు పరీక్షించారు అన్నదంతా కాగితం మీద, సంతకంతో ఉండాలి. అంటే బోల్టు వెనుక మనిషి ఉన్నాడని ఆ నియమం ఒప్పుకుంది.

వీటి నుంచి మాకు మొదటి జవాబు దొరికింది. పనిని వెయ్యి ముక్కలు చేయవచ్చు, వెయ్యి మందికి పంచవచ్చు. బాధ్యత మాత్రం వెయ్యో వంతుకు తగ్గిపోదు. అతుకు పెట్టిన ఒక్కడు తప్పు చేస్తే 129 మంది పూర్తిగా చనిపోయారు, వెయ్యో వంతు చనిపోలేదు.

మాలో ఒకరు ఇక్కడ గట్టి ప్రశ్న వేశారు. "ఆ ఆయుధమే తప్పు అనుకునేవాడు దాని బోల్టును బాగా చేయాలా? చెడగొడితే మంచిదే గదా?" అన్నారు. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి మేము ఒప్పుకున్నది ఇది. చేయను అని చెప్పే హక్కు మనిషికి ఉంది. చేస్తానని చెప్పి చెడగొట్టే హక్కు లేదు. చెడ్డ బోల్టు ఢిల్లీలో ఆజ్ఞ ఇచ్చేవాళ్లను ముంచదు. ఓడ లోపల ఉన్న కూలినాలి ఇళ్ల పిల్లలను, మన తమ్ముడి లాంటివాళ్లనే ముంచుతుంది. అణు రియాక్టర్ అయితే రేవు పక్కన ఉన్న మత్స్యకార పల్లెలకు కూడా ముప్పే. వద్దనుకుంటే గేటు బయట నిలబడి వద్దని చెప్పాలి. లోపలికి పోతే నిజాయితీగా చేయాలి.

అయితే ఇది సగం జవాబే. పని నిజాయితీగా చేయడం వేరు, ఆ పని దేనికోసమో అడగడం వేరు. రెండోది చేయకుండా మొదటిదాంతో తృప్తి పడితే మనం మంచి పనిముట్లం అవుతాం గానీ మంచి మనుషులం కాలేం.

దేనికోసం అంటే ప్రభుత్వం చెప్పే మాట ఇది: అణ్వాయుధాన్ని మనం ముందుగా వాడం, మన మీద వేస్తే మాత్రం భరించలేనంత దెబ్బ తిరిగి కొడతాం. 2003 జనవరిలో ఈ విధానాన్ని ప్రకటించారు. నేల మీద ఉన్నవన్నీ నాశనమైనా నీటి అడుగున దాగిన ఓడ మిగులుతుంది, ఆ భయంతో ఎవరూ మన మీదికి రారు అన్నది లెక్క. చుట్టూ చైనా, పాకిస్తాన్ దగ్గర అణ్వాయుధాలు ఉన్నప్పుడు ఈ మాటను తేలికగా కొట్టిపారేయలేం. మాలో కొందరు దీనిని ఒప్పుకుంటారు.

మిగిలినవాళ్లం ఒప్పుకోలేకపోవడానికి కారణం మన బతుకులోనే ఉంది. ఆయుధం మనకు కొత్త కాదు. మన ఇళ్ల గోడలకు విల్లంబులు వేలాడేవి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం తుపాకీ పట్టే నిలబడ్డాడు. కానీ విల్లు పట్టినవాడికి ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. అది జంతువా మనిషా, పెద్దదా పిల్లదా అని చూసి వదలవచ్చు, ఆపవచ్చు. వేల కిలోమీటర్ల అవతల ఉన్న పట్నం మీద పడే క్షిపణికి బడి ఏదో, బారక్ ఏదో తేడా లేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పుల ముందు నిలబడిన జాతి మనది. తూటా తగిలే వైపు నుంచి చూడటం మనకు తెలుసు. అందుకని "ఎప్పటికీ వాడం, భయపెట్టడానికే" అన్న మాట విన్నప్పుడు, ఆ భయం కింద నిద్రపోయే అవతలి ఊరి పిల్లలు కూడా మన లెక్కలోకి వస్తారు. ఇది తేలిన విషయమని మేము చెప్పడం లేదు. మాలోనే రెండు అభిప్రాయాలున్నాయి. కానీ రెండు వైపులవాళ్లమూ ఒక దగ్గర కలిశాం: ఈ ప్రశ్న అడిగే హక్కు బోల్టు చేసేవాడికి కూడా ఉంది.

ఇక మూడో సంగతి. అసలు మమ్మల్ని ఈ వ్యాసం రాయించింది ఇదే.

ఓడలో పాడైన భాగానికి కొత్త భాగం దొరకకపోతే ఏం చేస్తారు? పక్క ఓడ నుంచి విప్పి పెడతారు. మన సైకిల్ షాపులో పాత సైకిల్ ట్యూబు తీసి ఇంకోదానికి వేసినట్టు. బ్రిటన్ జాతీయ ఆడిట్ సంస్థ 2017లో దీని మీద ఒక నివేదికే రాసింది. ఒక్క 2016-17లోనే 795 సార్లు అట్లా విప్పి పెట్టారని లెక్క చెప్పింది. ఎందుకు లెక్క రాశారు? విప్పిన చోట బొంద మిగులుతుంది గనుక. విప్పేటప్పుడు పక్క భాగాలు కూడా దెబ్బతింటాయి గనుక.

మన నేలల నుంచి విప్పినదానికి ఆ మాత్రం లెక్క ఎవరు రాశారు? అణు పనులకు కావలసిన యురేనియం మొదట తవ్వింది జార్ఖండ్‌లోని జాదుగూడలో. అక్కడ 1967లో గని మొదలైంది. ఆ చుట్టూ ఉన్నది సంతాల్, హో ఆదివాసుల పల్లెలు. గని వ్యర్థాలు నింపిన చెరువుల పక్కన బతుకుతూ వాళ్లు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. 2019లో నల్లమలలో యురేనియం వెతుకుతామంటే అమ్రాబాద్ చెంచులు, చుట్టుపక్కల జనం అడ్డం నిలబడ్డారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. 2024 అక్టోబరు 15న వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నౌకాదళ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు చాలా తక్కువ పౌనఃపున్యం గల తరంగాలతో కబురు పంపే కేంద్రం అది. అందుకు ఇచ్చిన అడవి 2,900 ఎకరాలు. సముద్రం లేని తెలంగాణలో కూడా ఆ ఓడకు కావలసిన భాగం ఒకటి ఉందన్నమాట.

అడవి పోతే వేరే చోట మొక్కలు నాటుతామంటారు. ఊరు పోతే వేరే చోట కాలనీ కడతామంటారు. పెద్దపల్లి జిల్లాలో బొగ్గు గనుల కోసం ఊళ్లు కదిలిన సంగతి మనకు తెలిసిందే. ఇది విడిభాగాల ఆలోచన. పాడైన బేరింగు తీసి అదే కొలత బేరింగు పెట్టినట్టు, ఒక అడవి తీసి అన్నే ఎకరాల మొక్కలు పెడితే లెక్క సరిపోతుందనుకోవడం. యంత్రానికి ఇది సరైన ఆలోచనే. దానిని అడవి మీదికి, ఊరి మీదికి తేవడమే తప్పు.

మార్పిడి అంటే మనకు తెలియక కాదు. గోదావరి దాటి ఉత్తరానికి పోతే కెస్లాపూర్ నాగోబా జాతర ఉంది. ఆ జాతరకు కావలసిన కుండలను సిరికొండ కుమ్మరులు చేసి ఇస్తారు. పాత కుండ స్థానంలో కొత్త కుండ వస్తుంది, ఎవరూ బాధపడరు. కానీ కుండలు చేసే ఆ ఇంటివాళ్లు మారరు. మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్లు తెచ్చే హస్తలమడుగు మారదు, వాళ్లు నడిచి వచ్చే ఆచారం మారదు. గోండుల కథలు పాడే పర్ధాన్ల చేతిలోని కిక్రి కూడా అంతే. తీగ తెగితే ఇంకో తీగ కట్టవచ్చు. ఆ కథ మొత్తం తెలిసిన ముసలాయన పోతే ఆ కొలతకు ఇంకో ముసలాయనను ఏ స్టోరు నుంచి తెస్తాం? ఏది మార్చుకోవచ్చు, ఏది మార్చుకోలేం అనే తెలివి మన పెద్దలకు ఉంది. దానిని ఇంజనీర్ల ముందు, కలెక్టర్ల ముందు చెప్పగల చదువు ఇప్పుడు మన పిల్లలకు వస్తోంది. ఆ రెండూ కలవాలి.

ఇక ఆ తమ్ముడికి మేము చెప్పేది. కొలువు వస్తే పోవాలా వద్దా అన్నది నువ్వే తేల్చుకో. ఇంట్లో అమ్మానాన్నల అప్పు మాకు తెలుసు, పొద్దు గడవనివాడికి నీతులు చెప్పడం సులువని కూడా తెలుసు. వద్దనుకుంటే నిన్ను పిరికివాడని ఎవరూ అనకుండా మేము చూసుకుంటాం. పోతే గనుక మూడు మాటలు గుర్తుంచుకో. గేజీ తప్పు చూపిస్తే తప్పనే రాయి, పక్కనున్న సీనియర్ నవ్వినా సరే. టకోమాలో 32 ఏళ్ల అబద్ధాన్ని ఆపింది తర్వాత వచ్చిన మనిషే. రెండు, "ఇది దేనికి?" అని అడగడం మానుకోకు. జవాబు చెప్పకపోవచ్చు, రహస్యమనవచ్చు. ప్రశ్న మాత్రం నీ దగ్గర ఉండనీ. మూడు, సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఇక్కడ గ్రామసభలో కూర్చో. నువ్వు అక్కడ ఒక్కో భాగానికి ఎన్ని సంతకాలు తీసుకుంటారో చూసి ఉంటావు. ఒక బోల్టుకు అన్ని సంతకాలు కావాలంటే, ఒక అడవిని తీసేముందు గ్రామసభ సంతకం ఎందుకు అక్కర్లేదని అందరి ముందు అడుగు. ఆ మాట మేము అడిగితే చదువు రానివాళ్లంటారు. నువ్వు అడిగితే వినవలసి వస్తుంది.

పంతుళ్లకు కూడా ఒక మనవి. వర్క్‌షాపులో పిల్లలకు కొలతలు నేర్పేటప్పుడు ఈ ప్రశ్నను కూడా వాళ్ల ముందు పెట్టండి. మీరే జవాబు చెప్పేయకండి. మేము ఇన్ని నెలలు మాట్లాడుకున్నా మాలో ఇంకా రెండు మాటలున్నాయి. పిల్లలు వాదించుకోనివ్వండి.

ఆ తమ్ముడు దరఖాస్తు పెట్టాడు. పిలుపు ఇంకా రాలేదు. మొన్న ఓవరాలింగ్ పనికి రామగుండం పోయి వచ్చి మాతో ఒక మాట చెప్పాడు. వాల్వు బిగించాక దాని మీద చాక్‌పీసుతో తన పేరు రాశాడట. "ఎవరూ రాయమనలేదన్నా. రేపు కారితే ఎవరిని పిలువాల్నో తెల్వాలె గదా" అన్నాడు. ఆ రోజు మేము చెప్పలేని జవాబులో సగం వాడే చెప్పాడు. మిగతా సగం మనమందరం కలిసి వెతకాలి.